పండ్లకు మంచి చెట్టు

...ఆఁ, రాయి బిడ్డా నవనీతా. ఎక్కడిదాక వచ్చినం? ఏం రాలేదా? నేను గొంతు సవరించుకునుడే అయిందా? సరే, గిట్ల రాయి: మా కొత్తగూడ చౌరస్తల యాపచెట్టు కొట్టేసి రోడ్డు ఏసినోళ్లు సల్లగుండాలె! వాళ్లు నా నోటికి చేసిన మేలు ఏ డాక్టరూ చెయ్యలే.

నవ్వకు. రాయి.

చదివెటోళ్లూ, మీరే చెప్పుండ్రి. ఆ చెట్టున్నప్పుడు నా బతుకెట్లుండె? పొద్దుగాల్నే పుల్ల ఇరిసి నోట్ల పెట్టుకుంటే ఎండ ఎక్కేదాక తీసేది లేదు. నోట్ల పుల్ల ఉంటే మాట జల్ది రాదు గద. గట్లనే మెల్లగ మాట్లాడుడు అలవాటైంది. పుల్ల పోయింది గాని అలవాటు పోలే. నేనొక మాట మొదలుపెడితే ఇంట్లోళ్లు ఒక పని చేసుకొని వస్తరు.

మరి ఇప్పుడో? హైటెక్ సిటీ వచ్చింది. గుండ్రటి అద్దాల బిల్డింగు వచ్చింది. మా రాజేందర్‌కు, అంటే ఈ పిల్ల నాయినకు, అండ్ల పెద్ద సారు కారు నడిపే నౌకరి వచ్చింది. నాకు కట్టుడు పండ్ల సెట్టు పెట్టిపిస్తనని మాట గూడ ఇచ్చిండు. అది జర యాదిల పెట్టుకోండ్రి, మల్ల చెప్త. ఇంట్లకు పేస్టు వచ్చింది! బటానీ గింజంత పిసికితే నోరంత నురుగు. రెండు గీకులు, ఒక పుక్కిలి, ఖతం. ఎంత టైం మిగిలిందో! ఆ టైముల ఏం జేస్తున్ననంటరా? పండ్ల చిగుర్లు మండుతుంటే దవడ పట్టుకొని కూసుంటున్న. అది గూడ ఒక పనే గద!

నేనేమన్న తక్కువోణ్నా? డాబా మీద సొంత దవాఖాన పెట్టిన. పెయింటు డబ్బలల్ల మన్ను నింపి తులసి నాటిన, పుదీన నాటిన. పొద్దుగాల తులసాకు నమిలితే నోటి వాసన పోతదని, పక్క పోర్షన్ల కిరాయికుండే కడప పిల్ల లావణ్యకు లెక్చర్ ఇచ్చిన. కంప్యూటర్ కంపెనీల పని ఆ పిల్లది. పాపం, కండ్లు పెద్దగ చేసి ఇన్నది.

తులసి ఏపుగ పెరిగింది. మా కోడలు వసంత దానికి పసుపు రాసింది, బొట్టు పెట్టింది, దీపం పెట్టింది. పెయింటు డబ్బ తులసి కోటైంది! ఆకు మీద చెయ్యేస్తే "మామా, ఇయ్యాల శుక్రారం" అన్నది. ఇంకోసారి మంగళారమన్నది. మరోసారి ద్వాదశి అన్నది. ఏదీ లేని రోజు చూసుకొని పోతే "తానం చేసినవా మామా?" అన్నది. తులసి నమలక నోరు శుభ్రం కాదు, నోరు శుభ్రం కాక తానం లేదు, తానం లేక తులసి తెంపద్దు! నోటి వాసన కోసం దేవతను పెంచినోణ్ని కొత్తగూడల నేనొక్కన్నే ఉంట.

పుదీన సంగతి అడగకుండ్రి. పెరిగిందంత పచ్చట్ల పోయింది. నీ నోట్లకే వచ్చింది గద అంటరా? వచ్చింది, పచ్చిమిరపకాయలను ఎంటబెట్టుకొని వచ్చింది!

ఇగ లాభం లేదని నర్సరీకి పోయిన. అది నడిపే భీమేశ్వరరావు కోస్తా దిక్కు మనిషి. మర్యాద జాస్తి.

"పండ్లకు మంచి చెట్టు ఏదన్న ఉంటే ఇయ్యి నాయినా" అన్న.

"పళ్లకాండీ? ఈ అంటు మొక్క తీసుకెళ్లండి. ఏడాది తిరక్కుండా గుత్తులు గుత్తులుగా వస్తాయండి!"

"నా వయసుకు గూడ వస్తయా?"

"వయసుతో పనేముందండీ! రోజూ నీళ్లు పోస్తే చాలండి."

నమ్మిన. ఎందుకు నమ్మద్దు? రాళ్లగుట్టల మీద అద్దాల బిల్డింగు మొలిచినంక, ముసలి నోట్ల పండ్లు మొలవయా?

పాత నీళ్ల డ్రమ్ముల నాటి, పూటపూటకు నీళ్లు పోసిన. పొద్దున అద్దంల నోరు తెరిచి చూసుకునుడు గూడ మొదలుపెట్టిన! ఓ రోజు లావణ్య డాబా మీదికొచ్చి "తాతా, జామచెట్టు బలే పెరిగిండాదే!" అన్నది.

జామచెట్టా! నాకు పండ్లంటే నోట్లయి, ఆయనకు పండ్లంటే బుట్టలయి!

అయితే మాత్రం ఓడిపోతనా? "తెలిసే తెచ్చిన బిడ్డా. లేత జామాకు నమిలితే చిగుర్లు గట్టిపడతయి" అన్న. అబద్ధం గాదు, మా అమ్మ చెప్పేది. ఆకులు ఉప్పేసి మసలబెట్టి పుక్కిలిస్తే నిజంగనే మంట తగ్గింది. ఇగ నన్ను పట్టేటోడేడి? వాడకట్టంత తిరిగి చెప్పిన: పండ్ల డాక్టరు దండుగ, ఆకుంటే చాలు!

ఆ ముచ్చట మా రాజేందర్ చెవున పడ్డది. కొంప మునిగింది.

ఎందుకంటే, నా నోట్ల పైన మిగిలినయి ఎడమ దిక్కు, కింద మిగిలినయి కుడి దిక్కు. డే షిఫ్టు మొగుడు, నైటు షిఫ్టు పెండ్లం లెక్క, ఒకే ఇంట్ల ఉంటయి, కలుసుకోవు. సెట్టు కోసం దవాఖానకు బయలెల్లినప్పుడల్ల రాజేందర్ నడుముకున్న పేజర్ కుయ్యిమనేది. సారు పిలుస్తుండు! వాడు ఎస్టీడీ బూతుకు ఉరికేది, నేను ఏసుకున్న చెప్పులు ఇడిసేది. ఇప్పుడు పేజర్‌తోని గూడ పని లేకపాయె. "డాక్టరే దండుగ అంటివి గద నాయినా, నీకేం ఫికర్, ఆకు నములు" అంటుండు. నా లెక్చర్ నాకే!

ఆకు మంచిదే, కాదనను. కాని జామచెట్టు చిగురేస్తే కాయ వస్తది. నా చిగురు ఎంత గట్టిపడ్డా పన్ను రాదు గద!

భీమేశ్వరరావు మాట సగం నిజమే అయింది. గుత్తి గాదు గాని, ఒక్క కాయ కాసింది. చిలకలు కొట్టకుండ నా రుమాలు కట్టిన. దోరకొచ్చింది. "మెత్తబడనియ్యి మామా, చెంచతోని తిందువు" అంటది వసంత. అదేం తినుడు? జామకాయను దోరగున్నప్పుడే ఉప్పుకారం అద్దుకొని కరకర నమలాలె! నమలాలంటే పైపండ్లు, కిందిపండ్లు కలవాలె గద!

ఆఁ, అయిపోయింది బిడ్డా. పేపరోళ్లకు పంపేముందు, మీ నాయిన డ్యూటీ దిగి రాంగనే ఇది చదివి ఇనిపియ్యి. పేజర్ తీసి పక్కకు పెట్టినంకనే మొదలుపెట్టు. నా లెక్కనే మెల్లగ చదువు. యాపచెట్టు కాడ నవ్వుతడు, నవ్వనియ్యి. ఆఖరి మాట మాత్రం గట్టిగ చెప్పు: తాత కట్టిన రుమాలు చిలకను ఆపుతది గాని, కాయ పండుడును ఆపదని.