రెండు మూరల ఖాళీ

పెద్దాసుపత్రి వెనక కొత్తగా కట్టిన వార్డు సకల హంగులతో సిద్ధమైందనీ, ఇక పేరు ఒక్కటే తక్కువనీ ప్రజలకు సంతోషంగా తెలియజేస్తున్నాం. మంచాలు ఇరవై, మూడు వరసలు. ప్రతి మంచం తల దగ్గరా గోడలోంచి ఆక్సిజన్ పైపు ఉంది. పరుపుల మీది ప్లాస్టిక్ కవర్లు ఇంకా విప్పలేదు. వరసకొకటి చొప్పున ఫ్యాన్లు మూడు. వాటిలో తిరిగేది నడివరస మీదిది. మిగతా రెండూ తిరగకపోయినా చూడటానికి బాగున్నాయని తనిఖీకి వచ్చిన అధికారి రాసి సంతకం పెట్టాడు.

పేరు లేకపోతే ఏం పోయింది అంటారేమో. అలా అనకూడదు. అడ్మిషన్ కౌంటరులోని కంప్యూటర్లో మొదటి గడి వార్డు పేరు. అది నింపితే తప్ప రెండో గడి తెరుచుకోదు. రెండో గడి రోగి పేరు. వార్డుకు పేరు పెట్టేదాకా రోగికీ పేరు ఉండదన్నమాట. పేరే లేని మనిషికి జబ్బు ఎక్కడినుంచి వస్తుంది? పాత వార్డులు ఎప్పుడో నిండిపోయాయి కనుక, అలా జబ్బు ఉండటానికి వీల్లేని మనుషులు పన్నెండు మంది వరండాలో చాపల మీద పడుకుని ఉన్నారు.

గోడవారగా ఏడో చాప మీద ఉన్నది వాచ్‌మన్ భార్య. కొత్త వార్డు తాళంచెవి వాచ్‌మన్ బెల్టుకు వేలాడుతూ ఉంటుంది. వార్డు తలుపుకీ ఆ చాపకీ మధ్య పదకొండు అడుగులు. అతను టేపు పెట్టి కొలవలేదు. రోజుకు నలభైసార్లు నడిచేవాడికి టేపు అక్కర్లేదు.

ఆమెకు తొమ్మిది రోజులుగా జ్వరం. రెండు రోజులుగా ఆయాసం కూడా తోడైంది. వాన కురిస్తే జల్లు చాప అంచు దాకా వస్తుంది. అప్పుడు వాచ్‌మన్ చాపను ఒక జానెడు లోపలికి లాగుతాడు. అవతల గోడ ఉంది కనుక అంతకంటే లాగడానికి లేదు. చిన్న డాక్టరు వచ్చి ఛాతీ మీద గొట్టం పెట్టి విన్నాడు.

"లోపల మంచం దొరికితే పైపు పెట్టేవాణ్ణి. పైపు పడితే రెండు రోజుల్లో తేరుకుంటుంది. ఇక్కడ ఏం పెట్టమంటావయ్యా, గొడుగు పెట్టనా?" అని విసుక్కుని వెళ్లాడు. విసుగులో కాస్త జాలి కూడా ఉంది. జీతంలో అది లేకపోయినా అతను కలుపుతుంటాడు.

"తాళం నీ దగ్గరే ఉందిగా," అంది ఆమె.

"తాళం ఉంది. గడి లేదు."

"ఏం గడి?"

"కంప్యూటర్లో గడి."

"నీతో కాపురానికొచ్చి ముప్ఫై ఏళ్లయింది. కావలసింది నీ దగ్గర ఒక్కసారైనా ఉంటే కదా," అని ఆమె అటు తిరిగి పడుకుంది. ఆ ఒక్క మాటకే ఎగశ్వాస వచ్చింది. వాచ్‌మన్ ఆమె వీపు రాస్తూ కూర్చున్నాడు. మాట్లాడటం అతనికి మొదటినుంచీ చేతకాదు.

వార్డుకు పేరు పెట్టడం చిన్న పని కాదు. దేశంలో నాయకులకు కొదవ లేదు, కొదవంతా గోడలకే. అందుచేత ఏ నాయకుడు మన అభిమానానికి అర్హుడో తేల్చడానికి 'దేశనాయకుల అభిమానార్హతా నిర్ణయ సంఘం' ఏర్పాటైంది. పెద్ద డాక్టరు అధ్యక్షుడు. సభ్యులు ముగ్గురు: హెడ్మాస్టరు, ప్లీడరు, ఆ వార్డు కట్టిన కాంట్రాక్టరు. ఆసుపత్రి మొత్తంలో కాలు చాపుకునే చోటు కొత్త వార్డే కాబట్టి సమావేశాలు అక్కడే జరిగేవి. వాచ్‌మన్ ఉదయం పదింటికి తాళం తీసేవాడు. సభ్యులు తలో మంచం మీదా కూర్చునేవారు. ఎవరు కదిలినా ప్లాస్టిక్ కవరు కిరకిరలాడేది. అది తమ ప్రసంగానికి వచ్చిన స్పందన అని ఎవరికి వారు అనుకునేవారు.

మొదట హెడ్మాస్టరు లేచాడు. "పదకొండుసార్లు జైలుకు వెళ్లిన మహనీయుణ్ణి మించినవాడు ఈ దేశంలో ఎవడు? మనం ఈ గాలి పీలుస్తున్నామంటే ఆయన చలవ," అన్నాడు.

ప్లీడరు కళ్లజోడు తుడుచుకున్నాడు. "జైలుకు ఎవడైనా వెళ్తాడు. మా నాయకుడి మీద పదమూడు కేసులు పెట్టారు. ఒక్కదానికీ లోపలికి పోలేదు. అది సామర్థ్యం."

"మా ఆయన మాటల మనిషి కాదు," అన్నాడు కాంట్రాక్టరు. "ఏ రోడ్డు చివరికి వెళ్లండి, ఆయన పేరున్న రాయి ఉంటుంది. రోడ్డు కొట్టుకుపోయింది, రాయి చెక్కు చెదరలేదు. ఎంతమంది నాయకుల గురించి ఈ మాట అనగలం?"

ఆ ముగ్గురి పేర్లూ ఇక్కడ రాయడం లేదు. రాస్తే ఈ కథ సగంలో ఉండగానే మీలో మీరు ఇంకో కథ మొదలుపెడతారు.

చర్చ శాస్త్రీయంగా సాగాలని హెడ్మాస్టరు మార్కుల పట్టిక తయారుచేశాడు. త్యాగానికి ముప్ఫై, నిరాడంబరతకు ఇరవై, చేతిరాతకు పది. చేతిరాత ఎందుకని అడిగితే, ముప్ఫై ఏళ్లుగా బడి పట్టికలో ఉంది, తీసేయడానికి చెయ్యి రాలేదన్నాడు. అతని నాయకుడికే మొదటి ర్యాంకు వచ్చింది. ప్లీడరు వెంటనే ఆ మూల్యాంకనం చెల్లదని వాయిదా కోరాడు, సాక్షులను పిలిపించాలన్నాడు. ఇవన్నీ దేనికి, సీలు కవర్లలో టెండర్లు పిలిస్తే గంటలో తేలిపోతుంది కదా అన్నాడు కాంట్రాక్టరు. అధ్యక్షుడు ముగ్గురి వాదనలోనూ బలముందని చెప్పి, కాసేపు నడుం వాల్చాడు. అతను వాల్చిన మంచానికి నంబరు నాలుగు.

ఐదో రోజున హెడ్మాస్టరు తన నాయకుడి గురించి ఏకధాటిగా రెండు గంటలు మాట్లాడాడు. పదకొండో జైలు దగ్గరికి వచ్చేసరికి ఊపిరి అందలేదు. చెయ్యి గాలిలో ఉండగానే మంచం మీద కూలబడ్డాడు. పెద్ద డాక్టరు చప్పున పైపు బిగించి, మాస్కు పట్టుకొమ్మని వాచ్‌మన్‌ని పిలిచాడు. వాచ్‌మన్ పావుగంట పట్టుకున్నాడు. నీలిరంగుకు తిరిగిన పెదవులు ఎర్రబడటం అతను దగ్గర్నుంచి చూశాడు. పైపు చక్కగా పనిచేస్తున్నట్టు సంఘం మినిట్స్ పుస్తకంలో నమోదు చేసుకుంది.

వాచ్‌మన్ ధైర్యం కూడదీసుకున్నాడు. "మా ఆవిడకీ ఊపిరి ఆడటం లేదండీ," అన్నాడు.

హెడ్మాస్టరు మాస్కు పక్కకు జరిపి, ఎంతో ఆప్యాయంగా అడిగాడు. "ఏ నాయకుడి గురించి మాట్లాడుతూ?"

 పెద్ద డాక్టరు వాచ్‌మన్ భుజం తట్టి, "సామాన్యుడి అభిప్రాయం కూడా రికార్డులో ఉండాలి. నీకు ఏ నాయకుడంటే అభిమానం? భయపడకుండా చెప్పు," అన్నాడు.

"ఆ మూల మంచం ఖాళీగానే ఉందిగదండీ."

సామాన్యుడు తటస్థుడని రాసుకున్నారు. అది విని ముగ్గురు సభ్యులూ బాధపడ్డారు. ఇలాంటివాళ్ల వల్లే దేశం ఇలా తయారైందనే విషయంలో మాత్రం ఆ రోజు ఎవరికీ భేదాభిప్రాయం లేకపోయింది.

ఇంతలో ప్రారంభోత్సవం తేదీ పైనుంచి వచ్చిపడింది. పేరు తేలలేదు, తేదీ తేలింది. బోర్డు రాసే పెయింటరును పిలిపించారు. అతనిదొక పద్ధతి. ఖాయమైన అక్షరాలు ముందు రాసేస్తాడు, ఖాయం కానివాటికి చోటు వదులుతాడు. ఎన్ని బోర్డులు రాసినా చివరి మాటలు మారవని అతని అనుభవం. నిచ్చెన వేసుకుని, మొదట్లో రెండు మూరల ఖాళీ వదిలి, 'గారి స్మారక వార్డు' అని అందంగా నీడలు పెట్టి రాసి దిగాడు.

ఆ సాయంత్రం సంఘం వచ్చి బోర్డు కింద నిలబడింది.  ఆ ఖాళీలో హెడ్మాస్టరుకు తన నాయకుడే కనిపించాడు, ప్లీడరుకు తన నాయకుడు, కాంట్రాక్టరుకు తన నాయకుడు. ముగ్గురి ముఖాలూ వెలిగిపోయాయి. "ఇదే కదా నేను కోరుకున్న ఏకాభిప్రాయం. ఇలాగే ఉండనిద్దాం," అన్నాడు పెద్ద డాక్టరు గద్గద స్వరంతో. వాచ్‌మన్ పదకొండు అడుగులు పరుగెత్తి, రేపు పొద్దున మంచం దొరుకుతుందని భార్యకు చెప్పాడు. ఆమె నమ్మినట్టు తల ఊపింది. మాట్లాడే ఓపిక అప్పటికి లేదు.

పొద్దున్న తొమ్మిదింటికి రిబ్బను కట్టారు. ముగ్గురు సభ్యులూ తమ తమ అభిమానులను వెంటబెట్టుకుని వచ్చారు. అంతా సవ్యంగా జరిగేదే. కానీ హెడ్మాస్టరుకు లెక్కలంటే ప్రీతి. బోర్డు వంక చూసి చూసి, తన నాయకుడి పేరుకు ఒక్క మూర చాలుననీ, మిగతా మూర ఎవరి కోసం వదిలారనీ అడిగాడు. ప్లీడరు చేతులు చాపి చూసుకున్నాడు. తన నాయకుడి పేరుకు మూడు మూరలు కావాలి. ఒక మూర ఎవరు మింగారు? ఇద్దరూ ఒక్కసారే కాంట్రాక్టరు వైపు తిరిగారు. అతని నాయకుడి పేరు సరిగ్గా రెండు మూరలకు సరిపోతుంది.

"నేను చెయ్యి చాపి కొలిచానండీ. నా చెయ్యి ఏ పార్టీదీ కాదు," అని, మళ్లీ కొలిచి చూపించడానికి నిచ్చెన ఎక్కిన పెయింటరు పైనుంచి మొత్తుకున్నాడు. తర్వాత నిచ్చెన లేదు.

చర్చ సెలైన్ స్టాండ్ల దాకా వెళ్లింది. మహనీయుల ఆశయాలు కొన్ని తలల మీద, కొన్ని మోకాళ్ల మీద బలంగా ముద్రపడ్డాయి. పావుగంట తర్వాత లెక్క చూస్తే క్షతగాత్రులు పదిహేడుగురు. పాత వార్డుల్లో చోటు లేదు. "కొత్త వార్డు తెరవండి," అని పెద్ద డాక్టరు కేకపెట్టాడు.

వార్డు పేరు గడి సంగతేమిటని మీకు సందేహం రావచ్చు. కంప్యూటర్లో 'అత్యవసరం' అని ఎర్ర బటన్ ఒకటి ఉంది. అది నొక్కితే ఏ గడీ నింపనక్కర్లేదు. కంప్యూటరు కొన్ననాటి నుంచీ ఉంది. జ్వరం, ఆయాసం వంటివి దాని పరిధిలోకి రావు.

కౌంటరు క్లర్కు మంచి బుర్ర ఉన్నవాడు. వేర్వేరు నాయకుల అభిమానులను పక్కపక్కన పడుకోబెడితే మళ్లీ మొదటికొస్తుందని, నోటుపుస్తకంలో మూడు గీతలు గీశాడు: పేరు, దెబ్బ, నాయకుడు. ఎడమ వరస హెడ్మాస్టరు పక్షానికి, కుడి వరస ప్లీడరు పక్షానికి, నడివరస కాంట్రాక్టరు పక్షానికి కేటాయించాడు. వాచ్‌మన్ తలుపు తీసి పట్టుకుని, ఒక్కొక్కరినీ లోపలికి పంపుతూ లెక్కపెట్టాడు. పదిహేడు. వరసకు ఒకటి చొప్పున మూడు మంచాలు మిగిలాయి.

అతను కౌంటరు దగ్గరికి వెళ్లాడు. "మా ఆవిడండీ."

"దెబ్బ ఎక్కడ?"

"ఊపిరితిత్తుల్లో."

క్లర్కు రాసుకున్నాడు. "నాయకుడు?"

వాచ్‌మన్ ముప్ఫై ఏళ్లుగా తలుపు దగ్గర నిలబడి ఎంతోమంది నాయకుల కార్లకు సెల్యూట్ కొట్టాడు. ఏ కారులో ఎవరున్నారో ఎన్నడూ తెలియలేదు, అద్దాలు నల్లవి. "ఒక్క నిమిషమండీ," అని పదకొండు అడుగులు నడిచి, చాప పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఒసే, ఏ నాయకుడని చెప్పమంటావు?"

ఆమె కళ్లు తెరిచింది. "ఎవరెవరున్నారు?"

అతను ముగ్గురి పేర్లూ చెప్పాడు. ఆమె కాసేపు ఊపిరి కూడదీసుకుంది.

"తిరిగే ఫ్యాను ఎవరి వైపుంది?"

"నడివరస. కాంట్రాక్టరు గారి ఆయనది."

"అయితే ఆయనే. మహానుభావుడు, చల్లగా ఉండాలి."

వాచ్‌మన్ వెళ్లి ఆ పేరు చెప్పాడు. "ముందే చెప్పొచ్చుగా. అభిమానం అలా దాచుకోకూడదు," అని క్లర్కు చీటీ చింపి ఇచ్చాడు. పది నిమిషాల్లో ఆమె పదకొండో నంబరు మంచం మీద ఉంది. చిన్న డాక్టరు పైపు పెట్టి, ఏమీ అడగకుండా వెళ్లాడు. పక్క మంచం మీద తలకు కట్టుతో ఉన్న కాంట్రాక్టరు కళ్లు చెమర్చాయి.

"అమ్మా, మా నాయకుడి కోసం నీకు ఎక్కడ తగిలింది?"

ఆమె మాస్కు కాస్త ఎత్తింది. "లోపల."

"లోపల తగిలినవాళ్లే అసలైన అభిమానులు," అన్నాడతను అవతలి వరసలకు వినపడేలా.

మిగిలిన రెండు మంచాలూ వరండాలోని ఇంకో ఇద్దరికి, చెరో నాయకుడి మీద ఉన్నపళంగా పుట్టుకొచ్చిన అభిమానం వల్ల దక్కాయి. తక్కిన తొమ్మిది మందీ ముగ్గురి పేర్లూ కంఠస్థం చేసుకుని, మళ్లీ చర్చ ఎప్పుడని రోజూ వాచ్‌మన్‌ని ఆరా తీస్తున్నారు. రోగాలతో మంచాన పడినవారు సైతం నాయకుల కోసం ముందుకు వస్తున్నారనీ, ప్రజాభిమానానికి ఇంతకంటే నిదర్శనం ఏం కావాలనీ పత్రికలో ఫోటోతో సహా పడింది. సంఘం సభ్యులు మంచాల మీదినుంచే చర్చ కొనసాగిస్తున్నారు. బోర్డు మీద ఖాళీ అలాగే ఉంది, పెయింటరు కాలు కూడుకున్నాక నింపుతారు.

వార్డు చూడటానికి ఎక్కడెక్కడినుంచో మనుషులు వస్తున్నారు. వాచ్‌మన్‌ని పక్కకు పిలిచి అందరూ అడిగేది ఒక్కటే, ఆ రోజు కౌంటరులో నువ్వు చెప్పిన పేరేమిటి అని. అతను నవ్వి ఊరుకుంటాడు. మీకూ అదే తెలుసుకోవాలని ఉంది. నడివరస నాయకుడెవరై ఉంటాడా అని ఇప్పటికే ఇద్దరు ముగ్గురిని అనుకుని కూడా ఉంటారు.

ఆమెకు జ్వరం మూడో రోజున తగ్గింది, ఆయాసం పోయింది. ఎవరూ అడగలేదు కనుక నేనే చెబుతున్నాను.