వెర్నా చేసిన అనైతిక వేట

జింకను వేటాడటానికి తుపాకీ, ఓపిక, వెచ్చని మేజోళ్లు ఉంటే చాలన్న మూఢనమ్మకం అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం ఉత్తరాన టామరాక్ కౌంటీలో నూట యాభై ఏళ్లపాటు నిరాటంకంగా చలామణీ అయింది. కిందటి సెప్టెంబరులో నైతిక వేట మండలి ఆవిర్భవించి దానికి స్వస్తి పలికింది. అన్నాళ్లూ అక్కడి జనం ఏది మంచో ఏది చెడో ఎవరినీ అడక్కుండానే తేల్చుకుంటూ వచ్చారని తెలిసి మండలి సభ్యులు దిగ్భ్రాంతి చెందారు. (సభ్యులు తొమ్మిదిమంది. వారిలో జింకను దగ్గరగా చూసినవారు ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకరు కారుతో గుద్దారు.)

వెర్నా స్కాలెస్కీకి అరవై మూడేళ్లు. ఊరి బడి వంటగదిలో ఇరవై ఏడేళ్లు గరిటె తిప్పింది. పన్నెండో ఏటి నుంచి ఏటా నవంబరులో ఒక జింకను కొట్టేది. ఒక్కటే. కాలేయం ఆ పూటే ఉల్లిపాయలతో వేయించేది. తొడలు చలికాలమంతా ఫ్రీజరులో ఉండేవి. మిగతా మాంసంతో సాసేజ్ చేసి వీధిలో నాలుగిళ్లకు పంచేది. ఆమెకు రెండే నియమాలు. ఒక్క దెబ్బకు పడుతుందన్న నమ్మకం కుదరకపోతే ట్రిగ్గరు మీద వేలు పెట్టకూడదు. దెబ్బ తిన్న జింక పరుగెత్తితే, అది దొరికేదాకా ఇంటి ముఖం చూడకూడదు. ఇవి తండ్రి నేర్పినవి. ఆయన వాటిని ఎక్కడా రాసి సంతకం పెట్టలేదు గనక, మండలి దృష్టిలో అవి లేవు.

కొత్త లైసెన్సుకు పది గంటల శిక్షణ తప్పనిసరి చేశారు. వెర్నా తన మరిది డెల్బర్ట్‌ను వెంటబెట్టుకుని వెళ్లింది. డెల్బర్ట్ యాభై ఏళ్లుగా పాలావులు కాస్తున్న మనిషి, లోపల ఉన్న మాట లోపల ఆపుకోవడం చేతకాదు. పరీక్షలో ఒక ప్రశ్న ఇలా ఉంది: 'జింకను చూడగానే మీలో కలిగే భావం ఏది? (అ) కృతజ్ఞత (ఆ) పశ్చాత్తాపం (ఇ) పై రెండూ.' డెల్బర్ట్ పక్కన ఖాళీలో '(ఈ) ఆకలి' అని రాశాడు. రెండుసార్లు తప్పాడు.

"ఈ అని కలిపి రాశాను గదా వదినా, నాలుగోది కూడా ఉండాలని," అన్నాడు బయటికొచ్చి.

"ఇ అని గీత పెట్టి రావయ్యా బాబూ. నీ ఆకలి సంగతి వాళ్లకెందుకు?" అంది వెర్నా.

మూడోసారి ఇ అని గీత పెట్టాడు. మండలి అతన్ని నైతికుడిగా గుర్తించింది.

సీజను మొదటి శనివారం తెల్లవారేసరికి వెర్నా తన నలభై ఎకరాల అంచున ఉన్న మంచె మీద ఉంది. రాత్రి కురిసిన మంచు అడవంతా పరుచుకుని ఉంది. చెట్ల సందుల్లోంచి వెలుతురు కొంచెం కొంచెంగా దిగుతోంది. గుప్పెడంత పిట్ట ఒకటి వచ్చి తుపాకీ గొట్టం మీద వాలి, ఆమెను ఎగాదిగా చూసి వెళ్లిపోయింది. ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకుంటూ వెర్నా తనలో తను నవ్వుకుంది. నిజానికి ఆమె ఏటా ఇంత దూరం వచ్చేది ఈ గంట కోసమే. (దీనికి అనుమతి అవసరమా అన్న విషయం మండలి పరిశీలనలో ఉంది.)

ఏడున్నరకు కొమ్ముల జింక వచ్చింది. వెర్నా తుపాకీ కాకుండా ఫోను తీసింది. కాల్చేముందు ప్రతివారూ 'సద్వేట' అనే యాప్‌లో పదకొండు ప్రశ్నల సంకల్ప పత్రం నింపాలి. తొడుగులతో తెర పని చేయదు, అందుకని కుడిచేతి తొడుగు విప్పింది. మీకు కనిపిస్తున్నది జింకేనా? అవును. మీరు ప్రశాంతంగా ఉన్నారా? అవును. ఈ జింక మీద మీకు వ్యక్తిగత కక్ష ఏమైనా ఉందా? లేదు. ఆరో ప్రశ్న దగ్గర జింక తోక ఎత్తి అడవిలోకి నడిచింది. (మండలి నివేదికలో ఇది 'రక్షింపబడిన జింకలు' అన్న పద్దు కింద చేరింది.)

పదింటికి ఒక ఆడజింక ఒంటరిగా వచ్చి, కాళ్లతో మంచు గీరి ఓక్ కాయలు ఏరుకు తింటూ నిలబడింది. ఓపికగల జింక. పదకొండు ప్రశ్నలూ పూర్తయ్యేదాకా అక్కడే ఉంది. చివర సంతకం వేలితో గీయాలి. రెండుసార్లు 'సంతకం సరిపోలలేదు' అని వచ్చింది. చలి సున్నాకు పన్నెండు డిగ్రీలు కింద ఉంది. మూడోసారికి యాప్ పచ్చజెండా ఊపింది. వెర్నా గురి చూసింది. గురి సరిగ్గానే ఉంది. కాని గడ్డకట్టిన వేలు ట్రిగ్గరును మెల్లగా నొక్కలేదు, గుంజింది.

జింక ఎగిరిపడి, ముందుకాలు వేలాడుతుండగా, మూడు కాళ్ల మీద కుంటుతూ పరుగెత్తింది.

యాభై ఒక్క ఏళ్లలో వెర్నాకు ఇలా జరగడం ఇది రెండోసారి. మంచె దిగి నెత్తుటి జాడ పట్టుకుంది. తుపాకీ మోత విని డెల్బర్ట్ కూడా తన మంచె మీంచి వచ్చాడు. జాడ రెండు ఫర్లాంగులు పోయి ముళ్లతీగ కంచె దగ్గర ఆగింది. అవతల నేల దూరాన మిల్వాకీ నగరంలో ఉండే ఒక దంతవైద్యుడిది. ఏడాదికి రెండు రోజులు వస్తాడు. కంచెకు యాభై గజాల దూరంలో, మంచులో, జింక పడుకుని ఉంది. తల ఎత్తుతోంది, దించుతోంది. మళ్లీ ఎత్తుతోంది.

వెర్నా యాప్‌లో 'పొరుగు నేలలోకి అనుసరణ' దరఖాస్తు పెట్టింది. వెంటనే జవాబొచ్చింది: 'మీ విన్నపం యజమానికి పంపబడింది. డెబ్బై రెండు గంటల్లోగా స్పందన వస్తుంది. అంతవరకు దయచేసి నైతికంగా వేచి ఉండండి.' ఆమె సహాయ కేంద్రానికి ఫోన్ చేసింది. గాయపడిన జింక అయితే ఒకటి, తప్పిపోయిన జింక అయితే రెండు, మనస్తాపం చెందిన వేటగాడు అయితే మూడు నొక్కమన్నారు. తనకు ఒకటితోపాటు మూడు కూడా వర్తిస్తుంది గాని, వెర్నా ఒకటి నొక్కింది.

"నమస్కారం, నేను కైలీన్‌ని. మీ నైతికత మాకెంతో ముఖ్యం," అంది ఒక అమ్మాయి గొంతు.

"అమ్మా, జింక కాలు విరిగింది. నా కళ్ల ముందే పడుంది. ఒక్క నిమిషం కంచె దాటి దాని బాధ తీర్చి వస్తాను."

"అర్థమైందండీ. చాలా బాధగా ఉంది. యజమాని ఒప్పుకున్నారాండీ?"

"ఆయన ఫోన్ ఎత్తట్లేదు. నాలుగుసార్లు చేశాను."

"అయితే దరఖాస్తు పెండింగులో ఉందండీ. ఈలోపు మీ భావాలు రాసుకోవడానికి యాప్‌లో ఒక పేజీ ఉంది, చూపించమంటారా?"

"నా భావాలకేమీ కాలేదమ్మా! దానికి కాలు విరిగింది!"

"మీ ఆవేదన నమోదు చేసుకుంటున్నానండీ," అంది కైలీన్. టకటకా కొడుతున్న చప్పుడు వినిపించింది. పాపం, నిజంగానే నమోదు చేసుకుంటోంది.

జింక మళ్లీ తల ఎత్తి ఇటు చూసింది. వెర్నా ఫోను డెల్బర్ట్ చేతిలో పెట్టింది.

"నువ్వు ఆ పిల్లతో మాట్లాడుతూ ఉండు."

"ఏం మాట్లాడను వదినా?"

"ఆవుల గురించి చెప్పు."

డెల్బర్ట్ చెప్పాడు. పొదుగువాపు వచ్చిన ఆవుకు ఏం చేయాలో వివరంగా చెబుతుండగా వెర్నా తొడుగు మళ్లీ వేసుకుని, కంచె కింది తీగ ఎత్తుకుని, కోటు చిరుగుతున్నా చూసుకోకుండా, అవతలికి దూరింది. జింకకు వెనకవైపు నుంచి, అది బెదిరి లేవకుండా, మెల్లగా నడిచింది. ఈసారి చేతి తొడుగు విప్పకుండానే కాల్చింది. తల మంచు మీద వాలిపోయింది. ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చుని, మెడ మీద చెయ్యి వేసి, "తప్పు నాదే తల్లీ," అంది.

"ఏదో శబ్దం వచ్చిందండీ?" అంది ఫోన్లో కైలీన్.

"అవునమ్మా. మీ డెబ్బై రెండు గంటలు అయిపోయాయి," అన్నాడు డెల్బర్ట్.

ఆ మధ్యాహ్నమే వెర్నా జరిగిందంతా యాప్‌లో తనే నమోదు చేసింది. దాచే మనిషి కాదు. 'ఆత్మవిమర్శ' అన్న పెట్టెలో ఇలా రాసింది: 'వేలు గుంజింది. జింక బాధపడింది. కంచె దాటి వెళ్లి ముగించాను. తప్పు నాది.' ఇంకా నాలుగువందల తొంభై పదాలు కావాలని యాప్ అడిగింది. డెల్బర్ట్ 'తప్పు నాది' అన్నదాన్నే సరిపడా అన్నిసార్లు కొట్టి పెడతానన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. పత్రం అసంపూర్ణం అని నమోదైంది.

సాయంత్రం మండలి బండి వచ్చి జింకను సాక్ష్యంగా తీసుకుపోయింది. దాన్ని కార్యాలయంలో హీటరు పక్కన ఉంచారు. మూడో రోజుకు అది తినడానికి పనికిరాకుండా పోయింది; సాక్ష్యంగా మాత్రం అంతకంతకూ బలపడిందని కింది గుమాస్తాలు ముక్కు మూసుకుని ధ్రువీకరించారు. ఆ ఏడు నాలుగిళ్లకూ సాసేజ్ లేదు. దంతవైద్యుడి దగ్గర్నుంచి అనుమతి మంగళవారం ఉదయం వచ్చింది. 'తప్పకుండా, వెళ్లండి' అని, పక్కన నవ్వు బొమ్మతో.

విచారణ డిసెంబరులో అగ్నిమాపక కేంద్రం హాల్లో జరిగింది. జనం కుర్చీలు చాలక గోడల వెంట నిలబడ్డారు. మండలి అధ్యక్షురాలు శ్రీమతి వోస్‌బర్గ్ మర్యాదస్తురాలు. వెర్నాకు మంచినీళ్లు ఇప్పించి, తీర్పు నెమ్మదిగా చదివి వినిపించారు. అనుమతి లేకుండా అనుసరణ, తొడుగు విప్పకుండా కాల్చినందున రెండో తూటాకు సంకల్ప పత్రం లేకపోవడం, ఆత్మవిమర్శలో కొరత. రెండు సీజన్లు లైసెన్సు రద్దు.

డెల్బర్ట్ లేవబోతే వెర్నా మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. తనే లేచింది.

"శిక్షకు నాకేం అభ్యంతరం లేదండీ. మొదటి తూటా సరిగ్గా కొట్టలేకపోయాను, అందుకు శిక్ష అనుభవిస్తాను. కాని ఒక్క సంగతి చెప్పండి. అక్కడ నా స్థానంలో మీరుంటే ఏం చేసేవారు?"

"వేచి ఉండేదాన్నండీ," అన్నారు అధ్యక్షురాలు.

"మూడు రోజులా?"

"నిబంధన అదేనండీ."

"మరి జింక?"

శ్రీమతి వోస్‌బర్గ్ నియమావళి అందుకుని, కళ్లజోడు సవరించుకుని, రెండువందల పద్నాలుగు పేజీలు తిరగేశారు. చివరికి ఆమె పుస్తకం మూసి, ఎంతో సానుభూతితో, స్పష్టంగా చెప్పారు:

"అది కూడా వేచి ఉండాలండీ."