అవతలి గట్టు

ఆ ఉదయం ప్రూఫ్ రీడరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంట్లో ఎవరినీ నిద్ర లేపకుండా బయటపడాలి. ఈతకొలనులో ఇవతలి గట్టు వదిలి అవతలి గట్టు పట్టుకోవాలి. తరువాత తల ఆరబెట్టుకుని, ఏమీ ఎరగనట్టు ప్రెస్సుకు వెళ్ళి పాఠ్యపుస్తకంలో తప్పులు దిద్దుకోవాలి. కొలను వెడల్పు పెద్దదేమీ కాదు. ఈ గదిలోంచి పిలిస్తే ఆ గదిలో పలికేంత దూరం. అయినా కొంతకాలంగా ఆయన ఆ దూరాన్ని గట్టు పట్టుకునే పరిశీలిస్తున్నాడు. మరునాటి నుంచి మరమ్మతుల కోసం కొలను మూసేస్తారు. దాటితే ఈవేళే దాటాలి. లేకపోతే ఆయన మొదలుపెట్టి వదిలేసిన పనుల్లో ఈత కూడా చేరుతుంది. జీవితమంతా ఇతరుల వాక్యాలకు చుక్కలు పెట్టి ముగించిన మనిషికి, తనదంటూ ముగించిన పని ఒక్కటైనా ఉండాలన్న కోరిక నడివయసులో బలంగా పట్టుకుంది.

లక్ష్యాలకు అడ్డుపడేవి బద్ధకం, భయం, తీరిక లేకపోవడం అని పుస్తకాలు చెబుతాయి. ప్రూఫ్ రీడరు వాటినన్నిటినీ శ్రద్ధగా చదివి, తన విషయంలో అవేవీ ముఖ్యం కావని తేల్చుకున్నాడు. ఆయన ఆటంకం టై కట్టుకుని, స్కూటరు మీద వస్తుంది. అది ఆయన బావమరిది.

బావమరిది వృత్తిరీత్యా లక్ష్యసాధన శిక్షకుడు. కంపెనీల సమావేశ మందిరాల్లో తెల్లబోర్డు మీద మెట్లు గీసి, ఉద్యోగులను పైమెట్టు దాకా మాటలతో ఎక్కించి, భోజనాల వేళకు దించుతాడు. బావగారు వయొలిన్ నేర్చుకుంటున్నారని తెలియగానే, ఆయనకింకా కమాను పట్టుకోవడం రాకముందే, బంధువులందరినీ పిలిచి కచేరీ ఏర్పాటు చేశాడు. బావగారు ఉదయపు నడక మొదలుపెడితే, ఉత్సాహపరచడానికి ఇంటిల్లిపాదినీ వెంట తీసుకుని వచ్చాడు. ఆ నడక మూడో మలుపులో ఉన్న టీకొట్టు దాటి ఎన్నడూ ముందుకు సాగలేదు. ఫ్రెంచి నేర్చుకుంటానన్నప్పుడు ఇంట్లోని ప్రతి వస్తువుకూ దాని ఫ్రెంచి పేరు రాసిన చీటీ అంటించాడు. కుర్చీకి అంటించినది అత్తగారి వీపుకు అతుక్కుని, ఆవిడ దానితోనే ఒక పెళ్ళికి వెళ్ళొచ్చింది. ఫ్రెంచి అక్కడితో ఆగిపోయింది.

అందుచేత ఈత సంగతి ఎవరికీ చెప్పలేదు. ప్రెస్సులో నిఘంటువు పని పడిందని, తెల్లవారగానే వెళ్ళాలని భార్యతో అన్నాడు. నిఘంటువు త్వరగా పూర్తయ్యే వస్తువు కాదు గనుక ఏరికోరి ఆ అబద్ధాన్ని ఎన్నుకున్నాడు. ఇంట్లో సామాన్ల గదిలో బేసిన్ నిండా నీళ్ళు పోసుకుని, మొహం ముంచి, కళ్ళు తెరిచి, ఊపిరి బిగబట్టడం సాధన చేశాడు. కొలను నీటిలో కలిపే మందు వల్ల సాయంత్రానికి కళ్ళు ఎర్రబడేవి. అడిగితే చిన్న అక్షరాల మీద నెట్టేసేవాడు.

ఆ ఉదయం ఆయన వీధి మలుపు తిరిగాడో లేదో ఇంట్లో ఫోను మోగింది. ప్రెస్సు యజమాని.

"అమ్మా, ఆయన్ని కాస్త పిలుస్తారా? పాఠ్యపుస్తకం ఆఖరి పేజీలు మెషీనెక్కాలి. ఇవాళ కొంచెం ముందు రమ్మందామని."

"అదేంటండీ, మీ దగ్గరికే బయల్దేరారుగా! నిఘంటువు పనుందని రోజూ తెల్లారేసరికే వస్తున్నారుగా?"

"నిఘంటువా? మేం నిఘంటువు వేసి ఎన్నాళ్ళయిందో! ఆయనెప్పుడూ మామూలు టైముకే వస్తారమ్మా."

అంతలోనే యజమాని గొంతు తగ్గించాడు. "ఏమీ అనుకోకండి. ఈమధ్య ఒకరోజు పొద్దున్నే ఆయన కంటాసుపత్రి సందులోకి తిరగడం చూశాను. మీ కొట్టు పనేమో అనుకున్నా."

భార్య కళ్ళజోళ్ళ దుకాణం నడుపుతుంది. ఎర్రబడిన కళ్ళూ, కంటాసుపత్రి, అబద్ధం: ఈ మూడూ ఆమె మనసులో చక్కగా ఒకదాని పక్కన ఒకటి కూర్చున్నాయి. ప్రూఫ్ రీడరుకు కళ్ళు పోతే ఉద్యోగం ఉండదు. అందుకే దాస్తున్నాడు!

"నేననుకుంటూనే ఉన్నా," అంది అత్తగారు వంటింట్లోంచి వస్తూ. "మొన్న సామాన్ల గదిలో బేసిన్లో మొహం ముంచుకుని కూర్చున్నాడు. ఏంటి బాబూ అంటే ఉలిక్కిపడి, మొహం కడుక్కుంటున్నా అత్తయ్యా అన్నాడు. మొహం కడుక్కునేవాడు అంతసేపు ఊపిరి బిగబడతాడా? కళ్ళ మంటలు చల్లార్చుకుంటున్నాడు పిచ్చివాడు!"

"మరి నాకు చెప్పొద్దూ?"

"పక్కింటావిడకి చెప్పానుగా. నీకు చెప్పిందనుకున్నా."

కబురందుకుని బావమరిది స్కూటరు దిగీ దిగకముందే విషయాన్ని చేతుల్లోకి తీసుకున్నాడు. "కంగారుపడకక్కా. సమస్యని దాచుకోవడం అనేది మొదటి మెట్టు. రెండో మెట్టులో మనిషి ఏం చేస్తాడంటే..."

"నీ మెట్లు తర్వాత ఎక్కుదువుగానీ, ముందు ఆసుపత్రికి పద!"

ఈలోగా యజమాని కాగితపు కట్టలు మోసే ప్రెస్సు వ్యాను తనే నడుపుకుంటూ వచ్చేశాడు. దారిపొడుగునా ఆయన పశ్చాత్తాపం ఆగలేదు. "నాదే తప్పు చెల్లెమ్మా. కాగితం కలిసొస్తుందని పేజీల అడుగున వేసే అధస్సూచికలన్నీ చీమతలకాయంత అక్షరాల్లో వేయించాను. ఎన్నేళ్ళు చదివాడో పాపం!" ఒక కూడలిలో వ్యాను ఆగగానే ప్రెస్సులో అక్షరాలు కూర్చే ఆపరేటరుకు ఫోను చేశాడు. "ఒరేయ్, పుస్తకం మొత్తం అక్షరాలు పెద్దవి చెయ్యి."

"ఎంత పెద్దవండీ?"

"కళ్ళు మూసుకున్నా కనబడాలి."

"పుస్తకం తలగడంత అవుతుందండీ!"

"అవనీరా! మనిషికంటే ఎక్కువా?"

వెనక కూర్చున్న అత్తగారు కొంగుతో కళ్ళొత్తుకుని, "బంగారంలాంటి యజమాని," అంది. యజమాని మరింత కదిలిపోయి, బొమ్మలు కూడా పెద్దవి చెయ్యమని ఇంకోసారి ఫోను చేశాడు.

కంటాసుపత్రిలో కౌంటరు దగ్గరి అమ్మాయి ఎంత వెతికినా ఆ పేరుతో రోగి ఎవరూ లేరు. "మా బావ దొంగపేరుతో చేరుంటాడు," అన్నాడు బావమరిది. "రెండో మెట్టు అదే." అమ్మాయి కాపలావాడిని పిలవబోతుండగా నలుగురూ వెనక వరండాలోకి జారుకున్నారు. వరండా చివర, మనుషుల తలలూ భుజాలూ తప్ప అవతలి నేల కనబడనంత ఎత్తు ప్రహరీ ఉంది. పక్కనే ఆసుపత్రి జనరేటరు హోరెత్తిపోతోంది. ఆ గోడకు అవతల ఏముందో వాళ్ళకు తెలియదు. రోగులు తిరిగే ఆవరణ కాబోలనుకున్నారు. అక్కడ కనబడిన దృశ్యం కూడా అలాగే ఉంది.

భుజాల మీద తువ్వాలు. కళ్ళకు నల్లటి అద్దాలు. ఒక చెయ్యి ఎవరో ముసలాయన భుజం మీద, రెండో చెయ్యి గాలిలో తడుముకుంటూ, అడుగులో అడుగు వేసుకుంటూ ప్రూఫ్ రీడరు నడుస్తున్నాడు.

"ఆపరేషన్ కూడా అయిపోయిందే!" అంది భార్య, గోడ పట్టుకుని.

నిజానికి ఆ ముసలాయన ఈత మాస్టారు. నల్లటి అద్దాలు ఆయన అరువిచ్చిన ఈత కళ్ళద్దాలు. ప్రూఫ్ రీడరు తన కళ్ళజోడు తీసి చెప్పులో పెట్టాడు. అది లేకపోతే ఆయనకు మనిషికీ స్తంభానికీ తేడా తెలియదు. పైగా ఆ ఉదయం భయం వల్ల అడుగులు ఇంకా చిన్నవయ్యాయి. అప్పటికే తువ్వాలు మూడు రకాలుగా మడతపెట్టాడు. చెప్పులు వరసగా ఉన్నాయో లేదో తడిమి చూసొచ్చాడు. నీళ్ళు చల్లగా ఉన్నాయేమో కనుక్కున్నాడు.

"సార్," అన్నాడు మాస్టారు, "రేపు మరమ్మతుకని నీళ్ళన్నీ తోడేస్తారు. అప్పుడైతే నడిచి దాటొచ్చు. దానికోసమా మీరు చూస్తున్నది?"

"దిగుతున్నానండీ, దిగుతున్నాను."

"మొదటిరోజు నుంచీ మీరు దిగుతూనే ఉన్నారు. వదలడం ఎప్పుడు?"

ప్రూఫ్ రీడరు తువ్వాలు ఇచ్చేసి మెట్లు దిగాడు. మెడలోతు నీళ్ళ దాకా గట్టు వెంబడి జరిగి, రెండు చేతులతోనూ దాన్ని పట్టుకుని, అవతలి గట్టు ఉండవలసిన దిక్కుకు తల తిప్పాడు. నీలిరంగు మసక తప్ప ఏమీ కనిపించలేదు. పట్టు వదలడానికి చేతులు ఒప్పుకోలేదు. వయొలిన్, నడక, ఫ్రెంచి ఒకదాని వెంట ఒకటి గుర్తొచ్చాయి. ఇక లాభం లేదు, మెట్లెక్కి ఇంటికి పోదామని దాదాపు నిశ్చయించుకున్నాడు.

గోడ ఇవతలి నుంచి చూసేవాళ్ళకు మాత్రం నడుస్తున్న మనిషి ఉన్నట్టుండి భూమిలోకి దిగిపోయాడు.

"గోతిలో పడ్డాడర్రోయ్!" అంది అత్తగారు.

"బావా! కదలకు! నేనొస్తున్నా!" అంటూ బావమరిది గోడెక్కి అవతలికి దూకాడు. అక్కడ నేల తడిగా ఉంది. బూట్లు జారాయి. టైతో సహా వెళ్ళి కొలనులో పడ్డాడు.

ఆ గొంతు ప్రూఫ్ రీడరు చెవిన పడింది. అన్నాళ్ళుగా దేనికి భయపడ్డాడో అది నీళ్ళలోకే వచ్చేసింది! ఎలా తెలిసింది, ఎవరు చెప్పారు అని ఆలోచించే వ్యవధి లేదు. మనిషి నిర్ణయించుకోకముందే చేతులు గట్టు వదిలేశాయి. కాళ్ళు వాటంతటవే కొట్టుకున్నాయి.

"ఆగు బావా! భయపడకు! నీ వెనకాలే ఉన్నా!" అంటున్నాడు బావమరిది, మెట్ల దగ్గర తపతప నీళ్ళు కొడుతూ.

వెనకాలే ఉన్నాడన్న మాట వినగానే ప్రూఫ్ రీడరు వేగం హెచ్చింది. నేర్చుకున్నవన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. మొహం ముంచాడు, తేల్చాడు, ఊపిరి తీశాడు, కొంత కొలను మింగాడు, మళ్ళీ ముంచాడు. చివరకు వేళ్ళకు గట్టిగా ఏదో తగిలింది. అది అవతలి గట్టు.

"భేష్!" అని మాస్టారు చప్పట్లు కొట్టి, ఇటు తిరిగి, "మీరు లేచి నిలబడండి సార్. అక్కడ నడుంలోతే," అన్నాడు బావమరిదితో. బావమరిది లేచి నిలబడ్డాడు.

గోడ దగ్గర భార్య ఆలోచన ఇంకా కంటి ఆపరేషన్ దగ్గరే ఉంది. "ఏవండీ! ఇటు చూడండి! నేను కనబడుతున్నానా?"

ప్రూఫ్ రీడరుకు కళ్ళజోడు లేదు. ఉన్న అద్దాల మీద ఆవిరి. అప్పుడే గొప్ప పని చేసిన మనిషి అబద్ధమాడలేడు. "లేదే!" అన్నాడు, ఆయాసంలోనే నవ్వుతూ.

భార్య ఘొల్లుమంది.

"నేనో బాబూ?" అంది అత్తగారు.

"మీరూ కనబడట్లేదు అత్తయ్యా!"

"దానికంత సంబరం దేనికి నాయనా?"

మాస్టారు చెప్పులోంచి కళ్ళజోడు తీసిచ్చాక లోకం యథాస్థానానికి వచ్చింది. కళ్ళజోళ్ళ కొట్టావిడ ప్రహరీ చుట్టూ తిరిగి కొలను దగ్గరికి వచ్చి, భర్త గడ్డం పట్టుకుని, రెండు కళ్ళూ వెలుతురుకేసి తిప్పి చూసింది. తృప్తి కలిగాక కోపం తెచ్చుకుంది.

"ఈతకెళ్తున్నానని ఒక్క ముక్క చెప్తే నేనేమైనా కాదంటానా?"

"నువ్వు కాదనవు. మీ తమ్ముడు ఔనంటాడు. నా భయం అదీ."

ఆమె నవ్వకుండా ఉండడానికి ప్రయత్నించి, తువ్వాలు ఆయన నెత్తిన పడేసి, అవసరమైన దానికంటే గట్టిగా తుడిచింది. "మొత్తానికి దాటారన్నమాట," అంది తువ్వాలు చాటున, ఇంకెవరికీ వినబడకుండా.

"దాటాను," అన్నాడాయన. ఆ మాటకు చివర చుక్క తనే పెట్టుకున్నంత తృప్తిగా ఉంది.

యజమాని గోడవతలే నిలబడి ఫోనులో అరుస్తున్నాడు. "అన్నీ మళ్ళీ చిన్నవి చెయ్యరా!... ఎంత చిన్నవేంటి? మనిషి కళ్ళు భేషుగ్గా ఉన్నాయి, ఇదివరకటి కంటే చిన్నవి చేసినా పర్లేదు!"

ఈ మొత్తం గొడవలో అన్యాయం జరిగింది తనకేనని బావమరిదికి అనిపించింది. బూట్లలోంచి నీళ్ళు వంచుకుంటూ, "నేనేం చేశానని బావా? ఎప్పుడూ నీ మంచే కోరానుగా!" అన్నాడు.

మాస్టారు కల్పించుకున్నాడు.

"మీరేం చేశారో మీకు తెలియట్లేదు సార్. నేను ఇన్నాళ్ళు బతిమాలినా జరగనిది మీ ఒక్క కేకకి జరిగింది. ఇంతకీ మీరేం పని చేస్తారు?"

"లక్ష్యసాధన శిక్షకుణ్ణి."

"అలా అనండి!" అని మాస్టారు ఆయన్ని భుజం పట్టుకుని పక్కకు తీసుకెళ్ళాడు. కొలను ఆ చివర ఒక స్థూలకాయుడు గట్టును కావలించుకుని వేలాడుతున్నాడు. "ఆయన బ్యాంకు మేనేజరు. ఆయనకీ ఇవాళే ఆఖరి రోజు. చెయ్యి వదలనంటే వదలనంటున్నారు. తమరు ఆయనకి కూడా ఒక నాలుగు మాటలు చెబుతారా?"

బావమరిది మొహం వెలిగిపోయింది. టై పిండి సర్దుకున్నాడు. జేబులోంచి తడిసిన మార్కర్ పెన్ను తీశాడు. మెట్లు గీయడానికి అనువైన గోడ కోసం అటూ ఇటూ చూసి, నీళ్ళలోకి దిగి, చెయ్యి చాపుతూ మేనేజరు వైపు నడిచాడు.

"నమస్కారమండీ! ముందుగా, జీవితంలో మీ లక్ష్యమేమిటో..."

ఆ వాక్యం పూర్తయ్యేసరికి మేనేజరు అవతలి గట్టున ఉన్నాడు.