నలభై రెండెకరాల ఆఫీసు

ఆ ఉదయం అల్లుడి ప్రణాళిక చాలా చిన్నది. నిన్న సాయంత్రం పంపిన మ్యాపు గురించి పది గంటలకు డైరెక్టరుగారి నోట నాలుగు మెప్పు మాటలు వినడం, ఉద్యోగం పర్మనెంటయిందనిపించుకోవడం, మధ్యాహ్నం ఇంటికొచ్చి పడుకోవడం. ఆ తొందరలో భోజనం క్యారియరు బల్లమీదే మరిచిపోయాడు.

మ్యాపుల ఆఫీసులో అతని పని యంత్రానికి నేలను చూడటం నేర్పడం. ఉపగ్రహం తీసిన ఫొటోను చిన్న గళ్ళుగా కోసి, ఒక్కో గడి మీద నీరు, పొలం, అడవి, కట్టడం అని మనిషి రాయాలి. అలాంటివి వేలకొద్దీ చూశాక యంత్రం మిగతా ఊరిని తనే గుర్తుపడుతుంది. మూడో రోజుకే మెడ పట్టేసి, అల్లుడు ఆ పనిని సర్వే శాఖలో రిటైరైన మామగారి ముందు పెట్టాడు. "ఏ గడిలో నేల ఏమిటో రాసేయండి మామయ్యగారూ, అంతే."

ఆయన నలభై రోజులు భూతద్దం పట్టుకుని మూడు వేల గళ్ళు రాశారు. యంత్రానికి పరీక్ష పెట్టిన గళ్ళూ ఆయన రాసినవే కనుక నూటికి తొంభై ఆరు మార్కులొచ్చాయి. మార్కులు చూశాక మ్యాపు చూడాలని అల్లుడికి అనిపించలేదు. డైరెక్టరుగారితో మాత్రం "కళ్ళు లాగేశాయి సార్, అన్నీ నేనే రాశా" అన్నాడు.

ఆఫీసు గేటు దగ్గర లారీ ఒకటి నిలబడి ఉంది.

"చెరువెక్కడ సార్?" అన్నాడు డ్రైవరు. "మీ డైరెక్టరుగారు మా చేపల శాఖకి మ్యాపు పంపారంట. ఊళ్ళోకెల్లా పెద్ద చెరువు ఇదేనని ఉంది. లక్ష చేపపిల్లలు తెచ్చా."

అల్లుడు కాగితం చూశాడు. ఊరి నడిబొడ్డంతా నీలం. ఆ నీలానికి నట్టనడుమ తమ ఆఫీసు.

లోపల ఫోను ఆగడం లేదు. పడవలెన్ని పంపాలని అగ్నిమాపక శాఖ అడుగుతోంది. తమ డిపో ఎప్పుడు మునిగిందని బస్సులవాళ్ళు అడుగుతున్నారు.

"ఈ గళ్ళు రాసింది నువ్వే కదయ్యా?" అన్నారు డైరెక్టరుగారు.

"నేనంటే... మా ఇంట్లో ఒక పెద్దాయన సార్. వయసు మీదపడింది. కాస్త..." అంటూ అల్లుడు కణత దగ్గర వేలు తిప్పాడు.

డైరెక్టరుగారి చూపు గుమ్మం వైపు వెళ్ళింది. అక్కడ క్యారియరు పట్టుకుని మామగారు నిలబడి ఉన్నారు. అల్లుడి వేలు గాలిలోనే ఉండిపోయింది.

"అవునండీ" అన్నారాయన మెల్లగా. "అల్లుడుగారు వద్దంటున్నా నేనే మొండికేశాను. అయితే ఇది చెరువేనండీ. నలభై రెండెకరాలు. గొలుసు పట్టి కొలిచింది నేనే."

"ఫొటోలో ఇన్ని మేడలు కనబడలేదా?"

"ఎందుకు కనబడవు? అవి తర్వాతొచ్చాయి. నన్ను రాయమన్నది నేల ఏమిటని కదా!"

అలా, మేడలు కిక్కిరిసి ఉంటే దాన్ని నీరంటారని యంత్రం నేర్చుకుంది.

డ్రైవరు తొంగిచూశాడు. "సార్, గంటలో వదలకపోతే నా చేపపిల్లలు చచ్చిపోతాయి."

మామగారు వాచ్‌మన్ వైపు తిరిగారు. "బాబూ, సెల్లారులోకి నీళ్ళొస్తాయా?"

"రావడమేంటి పెద్దాయనా, అసలు పోతేగా! బిల్డింగు కట్టినప్పట్నుంచీ మోటారుతో తోడుతూనే ఉన్నాం. పైపు లీకని సార్ రాయించారు."

డైరెక్టరుగారు కిటికీలోంచి ఎటో చూశారు. "ఆపు ఆ మోటారు" అన్నారు చివరికి.

గంటలో నీరు మోకాలు దాటింది. చేపపిల్లలు దిగాయి. సెల్లారు మెట్ల మీద అల్లుడు తల ఎత్తకుండా అన్నాడు: "సార్, అబద్ధమాడాను. ఆయన మొండికేయలేదు, నేనే నెత్తిన పెట్టాను. మతి లేనిది నాకు."

"ఊళ్ళో పాత చెరువులన్నిటికీ ఒక మ్యాపు వేయాలి" అన్నారు డైరెక్టరుగారు. "మీ మామగారు రాస్తారు, నువ్వు పక్కన కూర్చుని నేర్చుకో. పర్మనెంటు సంగతి ఆయన నీకు మార్కులేశాక చూద్దాం."

మామగారు మెట్టు మీద కూర్చుని క్యారియరు విప్పారు. వేలు సంగతి ఎత్తలేదు. "కూర ఇంకా వెచ్చగానే ఉంది అల్లుడుగారూ, తినండి. అమ్మాయి రెండుసార్లు చెప్పి పంపింది."

అల్లుడు మొదటి ముద్ద కలిపి ముందు ఆయన చేతిలో పెట్టాడు.

సాయంత్రానికి, సెల్లారులో ఉన్న డైరెక్టరుగారి కారు కూడా మ్యాపుతో ఏకీభవించింది.