ఎవరికీ అభ్యంతరం లేని చరిత్ర

మావారి టీ కప్పు పిడి విరిగింది. ఎవరు విరిచారన్నదాని మీద పొద్దున్నే ఇంట్లో గొడవ. అత్తగారు కప్పే నాసిరకమన్నారు. ముందురోజు బాగున్న కప్పునే కడిగి బోర్లించానని నేనన్నాను. మావారు ప్రాథమిక పాఠశాలల చరిత్ర పుస్తకాల అధికారి కాబట్టి విచారణ పద్ధతిగా నడిపారు.

"జరిగింది జరిగినట్టు చెప్పాలి. చరిత్రంటే అదే," అని, మూడో తరగతి చదివే మా అమ్మాయిని అనుమానించారు. తప్పు ఒప్పుకునేదాకా బడి పిల్లలతో కోట చూడ్డానికి వెళ్ళకూడదని తీర్పిచ్చారు. అది ఒప్పుకోలేదు. సర్దుకున్న సంచీ విప్పనూ లేదు.

ఆ రోజే విద్యామంత్రిగారు ఒక చారిత్రక ప్రకటన చేశారు. చరిత్ర వల్ల ఎవరో ఒకరి మనసు నొచ్చుకుంటోందట. ఇకమీదట పుస్తకంలో ఎవరి ప్రస్తావన ఉన్నా వాళ్ళ వారసులు అభ్యంతరం లేదని సంతకం పెట్టాలి. పెట్టకపోతే ఆ వాక్యం తీసెయ్యాలి. ఇంత సున్నితమైన మంత్రి దొరకడం మా అదృష్టం.

వారసులు మా ముందుగదికి రావడం మొదలుపెట్టారు. యుద్ధంలో ఓడిన రాజుగారి మునిమనవడికి టైర్ల కొట్టుంది.

"మా ముత్తాత ఓడిపోలేదండీ. ఒంట్లో బాగోక ఆ రోజు యుద్ధానికి వెళ్ళనే లేదు."

గెలిచిన రాజుగారి మునిమనవడు పళ్ళ డాక్టరు. "మరి మావాళ్ళు గెలిచింది ఎవరి మీదండీ?" అని కుర్చీలోంచి లేచాడు.

మావారు ఇద్దరికీ టీ ఇప్పించి, సైన్యాలు రెండూ గెలిచి ఇళ్ళకు వెళ్ళాయని రాద్దామన్నారు.

"గెలిచేటట్టయితే మా ముత్తాత యుద్ధానికి వెళ్ళినట్టే రాసుకోండి," అని టైర్లాయన పెద్దమనసు చేసుకున్నాడు.

ఇక కోటగోడకు ఫిరంగి కొట్టిన కన్నం మిగిలింది. ఫిరంగి పేల్చినాయన వంశంలోని దర్జీ ఆవిడ, అలాంటి పనులు తమ ఇంటా వంటా లేవంది. సరే, గాలి కోసం కట్టినప్పుడే కన్నం వదిలారని మావారు తేల్చారు. గోడ కట్టిన మేస్త్రీ వారసులు ఊరుకోలేదు. గోడలో కన్నం వదిలే పనితనం తమది కాదన్నారు. మావారు ఎవరినీ నొప్పించకుండా కోటనే తీసేశారు.

చివరికి ఎవరికీ అభ్యంతరం లేని సంఘటన ఒక్కటే మిగిలింది: ఆ పుస్తకం ఆవిష్కరణ. పుస్తకమంతా అదే. మంత్రిగారు రిబ్బను కత్తిరించి, తన గురించి చదివి, కళ్ళు తుడుచుకున్నారు. పుస్తకంలో లేని కోటకు పిల్లల్ని ఎలా తీసుకెళ్తామని హెడ్‌మాస్టారు సందేహించి, ఆవిష్కరణ జరిగిన హాలు చూపిస్తామని కబురు పెట్టారు.

ఆదివారం భోజనాల దగ్గర మావారు ఉత్సాహంగా కప్పు కేసు తిరగదోడారు. తనను అనుమానించడంపై అత్తగారికి అభ్యంతరం. అమ్మాయికి మరీ అభ్యంతరం. నేను మాత్రం గొడవైన రోజు బట్టలు నానబెడుతుంటే ఆయన ప్యాంటు జేబులో దొరికిన పిడిని తెచ్చి, కంచం పక్కన పెట్టి, కూర వడ్డించాను.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఆ కప్పుకి మొదట్నించీ పిడి లేదు," అని ప్రకటించారు. "టీ తొందరగా చల్లారాలని అలా చేశారు. అమ్మాయి వెళ్ళొచ్చు."

"హాలుకా?" అంది అమ్మాయి, కంచంలోంచి తలెత్తకుండా.

"సంచీ విప్పకమ్మా. రేపు కోటకి నేను తీసుకెళ్తాను. కన్నం చూసొద్దాం," అన్నాను. "ఎవరికైనా అభ్యంతరమా?"

మావారు పిడిని మళ్ళీ జేబులో వేసుకున్నారు.