ఇంటికో చొక్కా చాలు!

అయ్యలారా, అమ్మలారా! మీ ఇంట్లో బీరువా ఉందా? అందులో చొక్కాలున్నాయా? ఒకటి కంటే ఎక్కువే ఉన్నాయా? అయితే మిమ్మల్ని తలుచుకుంటే నాకు జాలేస్తోంది.

పొద్దున్నే లేచి బీరువా ముందు నిలబడి, నీలం వేసుకోవాలా, గళ్ళది వేసుకోవాలా అని బుర్ర బద్దలు కొట్టుకోవడమూ ఒక బతుకేనా? మా ఇంట్లో ఆ బెడద లేదు. నలుగురిలోకి వేసుకెళ్ళదగ్గ చొక్కా ఒక్కటే ఉంది. వేసుకోవలసిన మగవాళ్ళం ఇద్దరం. ఇంతకు మించిన సుఖం లోకంలో లేదని ఢంకా బజాయించి చెప్పగలను. ఢంకా మాత్రం పక్కింట్లో అడిగి తెచ్చుకోవాలి.

నేను అట్టపెట్టెల కంపెనీలో స్టోర్స్ గుమాస్తాని. అంటే, ఒకప్పుడు. ఒక రోజు మా యజమాని అందర్నీ పిలిచి "మనమంతా ఒకే కుటుంబం" అన్నారు. ఆ మాట వినగానే నాకు అనుమానం రావలసింది. రాలేదు. పైగా చప్పట్లు కొట్టాను! మర్నాడు కుటుంబమంతా గేటు బయట ఉంది, తాళం గేటుకి ఉంది. దాన్ని కాస్ట్ కటింగ్ అంటారట. కటింగ్ అయిన కాస్టుని నేనే.

సరిగ్గా అప్పుడే మా బావమరిది సెల్‌ఫోన్ రిపేరు షాపు కూడా మూతపడింది. సంచీ భుజాన వేసుకుని "రెండ్రోజులుండి పోతా బావా" అంటూ దిగాడు. ఆ రెండ్రోజులు ఇంకా పూర్తి కాలేదు. మా అత్తగారు అంతకుముందు నుంచీ మాతోనే ఉన్నారు. మా ఆవిడ, మా అమ్మాయి సరేసరి. కష్టకాలంలో మనిషికి మనిషే తోడంటారు కదా. మా రెండు గదుల్లో తోడు ఎంత దట్టంగా ఉందంటే, ఒకరు ఒత్తిగిలాలంటే మిగతా నలుగురూ లేవాలి.

మిగతా చొక్కాలేమయ్యాయని అడుగుతారేమో. అన్నీ ప్రమోషన్ మీద వెళ్ళాయండీ. ఒకటి సంచీ అయింది. ఒకటి దిండుగలీబు అయింది. చారలది వంటింటి కిటికీకి కర్టెన్ అయింది. మా కర్టెన్‌కి జేబుంది! మీ కర్టెన్‌కి ఉందా? అందులో మా ఆవిడ అగ్గిపెట్టె పెట్టుకుంటుంది.

ఇక మిగిలిన ఆ ఒక్క చొక్కా సంగతి. లేత నీలం. మా బావమరిది వెదురుబొంగులా ఉంటాడు కాబట్టి చేతులు వాడి మోచేతుల దగ్గరే ఆగిపోతాయి. నాకు బొజ్జ ఉంది కాబట్టి గుండీలు ప్రాణాలు బిగబట్టుకుని ఉంటాయి. ఇద్దరికీ సరిపోదు కనుక ఇద్దరికీ సమాన న్యాయమే. దీనికి ఇస్త్రీ ఖర్చు లేదు. స్నానానికి నీళ్ళు కాగాక, ఆ గిన్నె అడుగు శుభ్రంగా తుడిచి, మా అత్తగారు చొక్కా మీద రుద్దేస్తారు. ఒకే గ్యాసుతో ఒళ్ళూ శుభ్రం, బట్టా నున్నన.

ఒకసారి నేను భోజనం చేసి తృప్తిగా ఊపిరి పీల్చేసరికి మూడో గుండీ ఎగిరి ఎటో పోయింది. ఇల్లంతా గాలించినా దొరకలేదు. అప్పుడు మా అమ్మాయి తన పాత గౌనుకున్న పిల్లిబొమ్మ గుండీ పీకి తెచ్చింది. "ఇది పెట్టుకో నాన్నా. ఇది లక్కీ" అంది. మీసాలతో సహా ఉంది ఆ పిల్లి. సరిగ్గా నా బొజ్జ మీంచి లోకాన్ని చూస్తూ ఉంటుంది.

ఇలా హాయిగా సాగిపోతుండగా ఒక హోల్‌సేల్ గోడౌనులో గుమాస్తా పోస్టు పడింది. ఒకటే పోస్టు. ఇద్దరం అప్లికేషన్ పెట్టాం. ఇద్దర్నీ ఇంటర్వ్యూకి పిలిచారు. అదీ ఒకే రోజున! వాడిది పొద్దున, నాది మధ్యాహ్నం. ఇంటి ఓనరు అప్పటికే "వచ్చే నెల వేరేవాళ్ళు దిగుతామంటున్నారండీ" అని మెత్తగా చెప్పి వెళ్ళాడు. ఈ ఉద్యోగం ఎవరో ఒకరికి రాకపోతే మా తోడంతా రోడ్డు మీదే.

"నువ్వెళ్ళు బావా, నీకు అనుభవముంది" అన్నాడు వాడు.

"నువ్వెళ్ళరా, నీకు వయసుంది" అన్నాను నేను.

మా ఆవిడ చిరాకు పడింది. "ఇద్దరూ వెళ్ళండి. రెండుసార్లు వేసుకుంటే చొక్కాకేమైనా ఆయాసమొస్తుందా?"

వెళ్ళాం. వాడు లోపల ఉన్నంతసేపూ నేను గోడౌను వెనక నీళ్ళ ట్యాంకు చాటున బనీనుతో కూర్చున్నాను. వాడొచ్చి చొక్కా విప్పి ఇచ్చి, నా చోట్లో వాడు కూర్చున్నాడు. చొక్కా అప్పటికే తడిసి ముద్దయింది. నాకు పట్టవలసిన చెమట కూడా వాడే పట్టించేసి వచ్చాడు పాపం! కుటుంబ సహకారమంటే ఇదీ!

మేనేజరు గారు నా సర్టిఫికెట్ల వంక చూడలేదు. ఇరవై ఏళ్ళ అనుభవమని నేను మొదలుపెడితే వినలేదు. నా బొజ్జ వంకే చూస్తున్నారు.

"ఈ పిల్లిని పొద్దున చూశానే!"

"ఇప్పుడందరూ ఇదే వేస్తున్నారండీ. ఫ్యాషను" అన్నాను.

ఆయన లేచి కిటికీలోంచి తొంగిచూశారు. ట్యాంకు ఎంత పెద్దదైనా మా బావమరిది పొడుగుకి చాలదు కదా! వాణ్ణి అలాగే బనీనుతోనే లోపలికి పిలిపించారు. ఇక దాచేదేముంది? "మాకు చొక్కా ఒకటేనండీ" అని చెప్పేశాను. చెబుతుంటే తల ఎత్తలేకపోయాను. అప్పటిదాకా ఇంట్లో జోకులేసుకున్న మాటే, పరాయి మనిషి ముందు అనేసరికి జోకులా లేదు.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. కళ్ళు కూడా తుడుచుకున్నారు.

"ఆహా! ఇంత సర్దుబాటు గుణం ఈ రోజుల్లో ఎక్కడుందయ్యా! మీలాంటివాళ్ళే మాకు కావాలి. ఇద్దర్నీ తీసుకుంటున్నాను!"

బావమరిది బనీను మీదే ఏడ్చేశాడు. నేను చేతులెత్తి దణ్ణం పెట్టబోయాను కానీ గుండీలు ఒప్పుకోలేదు. అంతలో ఆయన సొరుగులోంచి కాల్‌క్యులేటర్ తీశారు.

"ఒక చొక్కాతో ఇద్దరూ సర్దుకుంటున్నారు కదా. ఒక జీతంతో సర్దుకోలేరా? పొద్దున షిఫ్టు ఆయన, సాయంత్రం షిఫ్టు మీరు. కుర్చీ ఒకటే, కార్డు ఒకటే. చొక్కా కూడా ఇక్కడే మార్చుకోవచ్చు. ట్యాంకు దాకా పోనక్కర్లేదు."

చూశారా, ఆయన దయ! పొద్దుటి నుంచి రాత్రి దాకా పని జరుగుతుంది, జీతం మాత్రం ఒక్కటి. కార్డు మీద ఎవరి ఫోటో వేయాలన్న చిక్కొస్తే అదీ ఆయనే విప్పారు. మెడ నుంచి కిందికి తీయించారు. చొక్కా, దాని మీద పిల్లి, స్పష్టంగా వచ్చాయి. పైన తల ఎవరిదైతేనేం లెండి.

ఇంటికొచ్చాం. "ఇద్దరికీ వచ్చింది!" అన్నాను గుమ్మంలోంచే.

మా అత్తగారు దేవుడికి దణ్ణం పెట్టుకున్నారు. "జీతమెంత బాబూ?"

"మంచి జీతమేనండీ."

"ఒక్కొక్కరికా?" అంది మా ఆవిడ.

నేను బావమరిది వంక చూశాను. వాడు కార్డు వంక చూశాడు. మా ఆవిడ కార్డు లాక్కుని, తల లేని ఆ ఫోటో చూసి, విషయమంతా రాబట్టింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. వంటింట్లోకి వెళ్ళి, కర్టెన్ జేబులోంచి అగ్గిపెట్టె తీసి పక్కన పెట్టి, కర్టెన్ ఊడదీసి, కత్తెర పట్టుకుని కుట్లు విప్పడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నావే?"

"దీన్ని మళ్ళీ చొక్కా చేస్తున్నా. మనం సర్దుకుంటున్నది మన అమ్మాయి కోసం, అమ్మ కోసం, వీడి కోసం. ఆయనెవరండీ మధ్యలో, మన సర్దుబాటుతో తను డబ్బు మిగుల్చుకోడానికి? రేపు చెరో చొక్కా వేసుకుని, ఇద్దరూ ఒకేసారి ఆయన ముందు నిలబడండి. రెండు జీతాలడగండి."

"ఇవ్వకపోతే అక్కా?" అన్నాడు వాడు.

"ఇవ్వకపోతే ఇంటికి రండి. ఉన్నదే తిందాం. ఇలా సగం మనుషులుగా మాత్రం రాకండి."

మా అత్తగారు సూదిలో దారం ఎక్కించి ఇచ్చారు. కర్టెన్ అయినప్పుడు పోయిన గుండీ ఒకటి తక్కువొచ్చింది. మా అమ్మాయి పరుగెత్తుకెళ్ళి, గౌనుకి మిగిలిన కుక్కబొమ్మ గుండీ కూడా పీకి తెచ్చి మామయ్య చేతిలో పెట్టింది.

రేపు వెళ్తున్నాం. పిల్లీ, కుక్కా కలిసి.

అన్నట్టు, మీ బీరువాలో ఒకటి కంటే ఎక్కువ చొక్కాలున్నాయన్నారు కదూ? జాలి పడ్డానన్నాను. ఆ జాలి వెనక్కి తీసుకుంటున్నాను. ఇంట్లో ఎంతైనా సర్దుకోండి, నవ్వుకోండి. జీతం అడగడానికి వెళ్ళేటప్పుడు మాత్రం ఉన్న చొక్కాలన్నీ ఒకదాని మీద ఒకటి తొడుక్కుని మరీ వెళ్ళండి!