అన్ని వయసులకూ తగిన హత్య

"ఇకమీదట మన ప్రధాన గ్రంథాలయంలో కొత్త పుస్తకాలు, కొత్త సినిమాలు. అన్ని వయసుల పాఠకులకూ," అని గ్రంథాలయాల మంత్రిగారు మెట్ల మీద నిలబడి ప్రకటించిన రోజున నేను వెనక వరుసలో ఉన్నాను. నేను ఉద్యమాల మనిషిని కాను. మా అత్తగారు కాలు విరిగి మంచాన ఉన్నారు. ఆవిడకి పుస్తకాలు మోసుకెళ్ళడం, తిరిగి తెచ్చివ్వడం నా పని.

ముందు వరుసలో ఉన్న విలేకరి ఒకాయన లేచాడు. "పిల్లలకి వేరే పుస్తకాలు, పెద్దలకి వేరే పుస్తకాలా సార్? లేకపోతే ప్రతి పుస్తకమూ అన్ని వయసులకా?"

మంత్రిగారు వెనకడుగు వేసే మనిషి కాదు. "ప్రతి పుస్తకమూ అన్ని వయసులకే. వయసుని బట్టి మనుషుల్ని విడదీసే రాజకీయం వాళ్ళది, మాది కాదు," అన్నారు.

పక్కనున్న పీఏ "అంటే సార్ ఉద్దేశం..." అని మొదలుపెట్టాడు గానీ ఆ ఉద్దేశం చప్పట్లలో కొట్టుకుపోయింది.

అమలు కోసం ఒక స్పెషలాఫీసరుని వేశారు. మంత్రి నోట వచ్చిన మాటని కామాతో సహా అమలు చేస్తాడని ఆయనకి పేరు. ఆ వారంలోనే లారీ నిండా కొత్త పుస్తకాలు దిగాయి. అందులో మా అత్తగారు కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తున్న అపరాధ పరిశోధన నవల రెండో భాగం కూడా ఉంది.

మొదటి భాగంలో ఒక గడియారాల వ్యాపారి తన సొంత గోడ గడియారం కింద శవమై పడి ఉంటాడు. అనుమానితులు ముగ్గురు: తమ్ముడు, డాక్టరు, వంటావిడ. ఇన్‌స్పెక్టరు ముగ్గుర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి గొంతు సవరించుకుంటాడు. అక్కడితో మొదటి భాగం అయిపోతుంది.

"నాకు డాక్టరు మీద గుమానం బాబూ," అన్నారు అత్తగారు. "కానీ వాడు మరీ దొంగచూపులు చూస్తున్నాడు. నిజంగా చంపినవాడు అంత బాహాటంగా చూడడు. నేను పోయేలోగా తెలుస్తుందంటావా?"

"కాలు విరిగినంత మాత్రాన ఎవరూ పోరు అత్తయ్యా."

"తెలియకపోతే పోతారు."

నేను గ్రంథాలయానికి పరుగెత్తాను. లైబ్రేరియనమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "వచ్చింది. కానీ ఇవ్వలేను. కమిటీలో ఉంది," అంది.

"కమిటీలో ఎవరున్నారు?"

"ఇద్దరు. ఒకరు మంత్రిగారి మేనకోడలి కొడుకు. ఆయనకి ఇంకా నడక రాలేదు. ఇంకొకరు మంత్రిగారి మామగారు. ఆయనకి నడక పోయింది."

"మరి మధ్య వయసువాళ్ళో?"

"రెండు కొసలూ పట్టుకుంటే కర్ర మొత్తం లేస్తుందని ఆఫీసరుగారి సిద్ధాంతం."

కమిటీ పని జరిగేది చదువుకునే హాల్లోనే. చదువుకునేవాళ్ళని బయటికి పంపేశారు గనక ప్రశాంతంగా ఉంది. నన్ను ప్రజల తరఫు పరిశీలకుడిగా ఒక మూల కూర్చోనిచ్చారు. పొడవాటి బల్లకి ఒక చివర తల్లి ఒళ్ళో చిన్న సభ్యులుగారు, రెండో చివర చక్రాల కుర్చీలో పెద్ద సభ్యులుగారు. ఆఫీసరు ఒక్కో పుస్తకం తీసి ముందు చిన్నవారికి చూపించి, తర్వాత పెద్దవారికి చూపిస్తున్నాడు.

విధానం చాలా శాస్త్రీయం. చిన్న సభ్యులుగారు పుస్తకాన్ని నోట్లో పెట్టుకుంటే ఆమోదం, విసిరేస్తే తిరస్కారం. పెద్ద సభ్యులుగారు మేలుకుని దగ్గితే అభ్యంతరం, నిద్రపోతే ఆమోదం.

"నిద్రపోతే ఎలా ఆమోదమండీ?" అని అడిగాను.

"మౌనం అర్ధాంగీకారం," అన్నాడు ఆఫీసరు. "నిద్ర పూర్ణాంగీకారం."

ఆ ఉదయం నేను చూస్తుండగానే ఎన్నో నిర్ణయాలు జరిగిపోయాయి. సింహం బొమ్మ ఉన్న పిల్లల పుస్తకం చూసి చిన్న సభ్యులుగారు ఏడ్చారు, అది పోయింది. ముసలితనంలో ఆరోగ్యం గురించిన పుస్తకం చూసి పెద్ద సభ్యులుగారు దగ్గారు, అదీ పోయింది. నిఘంటువు బల్ల మీంచి జారి తల్లి కాలి మీద పడింది. నిఘంటువులన్నీ గోడౌనుకి వెళ్ళిపోయాయి. మాటలకి అర్థాలు కావలసినవాళ్ళు ఇకమీద నేరుగా మంత్రిగారి కార్యాలయాన్ని సంప్రదించవచ్చని ఆఫీసరు చెప్పాడు.

అప్పుడు మా అత్తగారి పుస్తకం వంతు వచ్చింది. పెద్ద సభ్యులుగారు గురక పెడుతున్నారు. చిన్న సభ్యులుగారు పుస్తకాన్ని వెనక వైపు నుంచి తెరిచారు. చివరి పేజీలు గుప్పిట పట్టి చించారు. శ్రద్ధగా నమిలారు. తల్లి వేలు పెట్టి లాగబోయింది గానీ, అప్పటికే ఇన్‌స్పెక్టరూ ముగ్గురు అనుమానితులూ గొంతు దిగిపోయారు.

ఆఫీసరు కళ్ళు చెమర్చాయి. "కమిటీ ఇంతవరకూ ఏ పుస్తకాన్నీ ఇంత లోతుగా స్వీకరించలేదు," అంటూ ఆమోదముద్ర వేశాడు.

"సార్, హంతకుడి పేరు ఆ పేజీల్లోనే ఉంది," అన్నాను.

"హింస పోయింది కదండీ. ఇప్పుడు నిజంగా అన్ని వయసులకీ పనికొస్తుంది."

ఇంకో కాపీ ఉందేమోనని లైబ్రేరియనమ్మని అడిగాను. కొన్నది ఒకటే అంది. అచ్చువేసిన కంపెనీ ఈ పుస్తకంతోనే మూతపడిందిట. మిగిలిన పుస్తకాన్నే ఇంటికి తెచ్చి అత్తగారి చేతిలో పెట్టాను. ఆవిడ రాత్రీ పగలూ లేకుండా చదివి, చిరిగిన అంచు దగ్గర ఆగి, దాన్ని వేలితో తడిమారు.

"మింగాడా?"

"మింగాడు."

"మాటలు వచ్చాయా వాడికి?"

"ఇంకా రాలేదు."

"అయితే అడగనూ లేం," అని గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆ రోజు భోజనం కూడా సరిగ్గా చెయ్యలేదు. మా ఆవిడ నా వంక చూసిన చూపులో మింగింది నేనే అన్నట్టుంది.

సినిమాలు కూడా ఇదే పద్ధతిలో కమిటీ ముందుకి వచ్చాయి. ఒకదాంట్లో పరుగులు ఎక్కువ, ఒకదాంట్లో కన్నీళ్ళు ఎక్కువ, ఒకదాంట్లో ఏమీ జరగదు గానీ జరుగుతుందేమోనన్న భయం ఎక్కువ. అన్నీ పోయాయి. చివరికి ఒక సినిమా తీసి ఇంకోటి పెట్టే సందులో తెర మీద ఉత్త తెల్లటి వెలుగు పడింది. చిన్న సభ్యులుగారు బోసినోటితో నవ్వారు. పెద్ద సభ్యులుగారు నిద్రలోనే తల ఊపారు. ఏకగ్రీవం.

ప్రారంభోత్సవం నాడు హాలు కిటకిటలాడింది. మంత్రిగారు రిబ్బను కత్తిరించారు, దీపాలు ఆర్పారు, తెల్లటి వెలుగు పూర్తి ఆట నడిచింది. మధ్యలో విశ్రాంతి కూడా ఇచ్చారు. నా పక్కనున్న మీసాలాయన "రెండో సగం కొంచెం సాగదీశాడు," అన్నాడు. మంత్రిగారు మాత్రం "ఎంత స్వచ్ఛంగా ఉందయ్యా. కుటుంబమంతా కలిసి చూడొచ్చు," అన్నారు. మర్నాడు ఒక పత్రిక నటన సహజంగా ఉందని రాసింది.

ఇక మిగిలింది లబ్ధిదారుతో ఫొటో. పుస్తకం ఎవరికోసమో నేను ముందే చెప్పి ఉన్నాను గనక, మంచం దిగలేని వృద్ధ పాఠకురాలు అనగానే ఆఫీసరుకి మా ఇల్లు గుర్తొచ్చింది. మంత్రిగారు విలేకరులతో సహా మా ముందుగదిలోకి వేంచేసి, అత్తగారి చేతిలో ఉన్న పుస్తకాన్నే తీసుకుని, మళ్ళీ ఆవిడకే బహూకరించారు.

"ఇంకేమైనా సమస్యలున్నాయా అమ్మా?" అని అడిగారు.

"ఒకటే సమస్య నాయనా," అన్నారు అత్తగారు. "ఆ గడియారాల వ్యాపారిని ఎవరు చంపారు?"

మంత్రిగారు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "విచారణ జరుగుతోందమ్మా. దోషులు ఎంతటివారైనా వదిలే ప్రసక్తి లేదు. వారంలో పట్టుకుంటాం. ఇది నా హామీ."

విలేకరులు రాసుకున్నారు. నేను పీఏని పక్కకి లాగి, "అది నవలండీ," అన్నాను.

"తెలుసు," అన్నాడు అతను నీరసంగా. "సారు మాట అన్నాక నవలైనా ఒకటే, నిజమైనా ఒకటే."

రెండ్రోజుల్లో మా ఇంటికి నిజమైన ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మృతుడు మీకేమవుతాడని అత్తగారిని అడిగాడు. కాలు విరిగినప్పటి నుంచి ఆవిడ మాట అంత ఓపికగా విన్నవాళ్ళు లేరు. పగిలిన అద్దం, ఆగిన ముల్లు, డాక్టరు చూపులు, వంటావిడ తడి చెంగు, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పారు. చాలారోజుల తర్వాత ఆవిడ మొహంలో కళ చూశాను. ఇన్‌స్పెక్టరు మాత్రం మళ్ళీ మళ్ళీ వాచీ చూసుకున్నాడు. మంత్రిగారి గడువు దగ్గరపడుతోంది.

వారం తిరక్కుండానే పేపరు మొదటి పేజీలో వేశారు: గడియారాల వ్యాపారి హత్య కేసు ఛేదించిన పోలీసులు, మాట నిలబెట్టుకున్న మంత్రి. ఫొటోలో మధ్యన మంత్రిగారు, ఆ పక్కా ఈ పక్కా పోలీసులు, కింద నేలమీద మాసిన చొక్కాతో, వాచిన పెదవితో ఒక బక్కపలచటి మనిషి. నేరం ఒప్పుకున్నాడట.

పేపరు పట్టుకెళ్ళి అత్తగారికి ఇచ్చాను. ఆవిడ దిండుకి ఆనుకుని లేచి కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, ఫొటోని వెలుతురుకేసి తిప్పి చాలాసేపు చూశారు.

"డాక్టరేనా అత్తయ్యా?"

"కాదు."

"పోనీ, తమ్ముడా?"

"కాదు బాబూ," అన్నారు అత్తగారు మెల్లగా. "వీడు అసలు కథలోనే లేడు."